పెరట్లో మూడంచెల గద్దె: మిర్యాలగూడ నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

జనవరి 18

మా ఇల్లు మిర్యాలగూడ శివారులో ఉంది. పెరటి గోడ దాటితే సాగర్ ఎడమ కాలువ కింద పారే వరి మడులు మొదలవుతాయి. ఎండాకాలంలో ఇక్కడి ఎండ నల్లగొండ జిల్లా అంతటా ఉన్నట్లే మాడ్చివేస్తుంది. వానలు పడి మడులు నిండిన తర్వాత మాత్రం గాలిలో తడి చేరి, ఉతికిన బట్ట రెండు రోజులకు గాని ఆరదు. ఈ రెంటినీ తట్టుకొని నిలిచే చెక్క గద్దె ఒకటి వంటింటి తలుపు నుంచి వేపచెట్టు దాకా మూడు అంచెలుగా కట్టాలన్నది సంకల్పం. నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ని కనుక, ఏ పని చేసినా కొలత రాసిపెట్టుకోవడం అలవాటు.

ఈరోజు నీళ్ల పైపుతో మట్టం చూశాము. వంటింటి గడపకూ, 32 అడుగుల దూరంలో ఉన్న వేపచెట్టు మొదలుకూ మధ్య 50 అంగుళాల తేడా ఉంది. అందులో గోడ దగ్గరే 26 అంగుళాలు పోగా, మిగిలిన 24 అంగుళాలు నేల వాలు. గడపకు 2 అంగుళాల కింద మొదటి అంచె, అక్కడి నుంచి 18 అంగుళాల కింద రెండవది, మరో 18 అంగుళాల కింద మూడవది, చివరికి నేలకు 12 అంగుళాలు అని లెక్క కుదిరింది. గడప దగ్గరి 2 అంగుళాలు పోను మిగిలినవన్నీ ఆరుతో భాగింపబడే అంకెలు కనుక, ఎనిమిది మెట్లూ సరిగ్గా 6 అంగుళాల ఎత్తుతో వస్తాయి. మెట్ల ఎత్తులో అర అంగుళం తేడా ఉన్నా కాలు దాన్ని పట్టేస్తుంది. మా అమ్మ చేతికర్రతో నడుస్తుంది కాబట్టి ఈ ఒక్క విషయంలో రాజీ పడకూడదని మొదటే నిర్ణయించుకున్నాను.

పని ఒప్పుకున్న సుతారి కొలతలన్నీ విని ఒకే ప్రశ్న అడిగాడు. "సారూ, పైన చెక్క ఎట్లుంటదో తర్వాత సూద్దాం. కింద గాలి ఎటుకెళ్లి వోతదో ముందుగాల చెప్పుండ్రి." నా దగ్గర సమాధానం లేదు. రాత్రి కాగితం మీద అడ్డుకోత గీసి చూస్తే, మొదటి అంచె కింద నేలకు 24 నుంచి 33 అంగుళాలు, రెండవ దాని కింద 15 నుంచి 22 అంగుళాలు ఖాళీ వస్తున్నది. మూడవ అంచె మొదలయ్యే చోట గద్దె పైభాగానికీ నేలకూ మధ్య నాలుగున్నర అంగుళాలే ఉన్నది. ఇనుప పైపు, చెక్క కలిపితేనే మూడు అంగుళాలు దాటుతాయి. ఇక అక్కడ గాలికి చోటెక్కడిది?

జనవరి 27

హాలియా వైపు మా ఊళ్లో తాత కట్టించిన మిద్దె శిథిలమై, ఈ నెలలో విప్పించవలసి వచ్చింది. పైన చౌడు మట్టి, దాని కింద కంప, దాని కింద దంతెలు, అంటే సన్నటి అడ్డకర్రలు, వాటిని మోసే టేకు దూలాలు తొమ్మిది. ఒక్కొక్కటి 12 అడుగుల పొడవు, 6 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల లోతు. ఈ దూలాలను చూడడమే నాకు ఈ ప్రాజెక్టు మొత్తంలో పెద్ద పాఠమైంది. మట్టి గోడలో పాతుకొని ఉన్న కొసలు, రెండు పక్కలా అడుగు మేర, చెదలు తిని, చేత్తో నలిపితే పొడి అవుతున్నాయి. గదిలో గాలికి తెరిచి ఉన్న నడిమి పది అడుగులు మాత్రం ఉలి దిగనంత గట్టిగా, చిత్రిక పట్టగానే నూనె వాసన వచ్చేంత సజీవంగా ఉన్నాయి. ఒకే చెట్టు, ఒకే దూలం, ఒకే కప్పు కింద అన్నేళ్లు. తేడా అంతా గోడలో బిగిసి తడి పట్టి ఉండడంలో, గాలి తగలడంలో ఉంది.

సుతారి అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది. చెక్క ఎక్కడా మట్టినీ, గోడనూ తాకకూడదు. చెక్క కింద కనీసం అడుగు ఎత్తు గాలి ఉండాలి. ఆ ఎత్తు లేని మూడవ అంచెకు చెక్క వద్దు, తాండూరు బండ వేద్దాం. అందరూ అడుగుతున్నారు గనుక రాస్తున్నాను, ఈ నిర్ణయం డబ్బు ఆదా కోసం తీసుకున్నది కాదు.

ఫిబ్రవరి 11

గుంతలు తవ్వడం మొదలైంది. పైన రెండున్నర అడుగుల దాకా నల్లరేగడి, దాని కింద మొరం. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని వేలు దూరేంత నెర్రెలు విచ్చుతుంది. దాని మీద నిలబెట్టిన గుంజ ఏటా పైకీ కిందికీ కదులుతూ ఉంటుంది. ఒక గుంజ పావు అంగుళం లేచి, పక్కది లేవకపోతే, పైన ఉన్న వెల్డింగుకు ఆ భారం పడుతుంది. అందువల్ల పన్నెండు గుంతలూ మూడు అడుగుల లోతు తీసి, అడుగుభాగం మొరంలో ఆనేలా చేశాము. వేపచెట్టు వైపు ఉన్న ఒక గుంతలో మణికట్టు లావు వేరు తగిలింది. గొడ్డలి తెచ్చిన పిల్లగాణ్ని ఆపి, గుంతనే అడుగు పక్కకు జరిపించాను. మూడవ అంచెకు నీడ ఇచ్చేది ఆ చెట్టే గదా.

కాంక్రీటుకు నీళ్ల విషయం. నల్లగొండ నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది. మనిషి ఎముకలకు అది శాపమే అయినా, ఇనుప కడ్డీ ఉన్న కాంక్రీటులో మనం ముందుగా చూడవలసింది క్లోరైడ్, అంటే ఉప్పు. కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం కడ్డీలున్న కాంక్రీటుకు వాడే నీటిలో అది లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు. మా బోరు నీళ్లు నోట్లో వేసుకుంటేనే ఉప్పగా ఉంటాయి, బకెట్టు అంచున తెల్లటి పొర కడతాయి. కాబట్టి కలపడానికీ, తడపడానికీ మంచినీళ్ల ట్యాంకరు తెప్పించాను. సుతారి మొదట అది వృథా ఖర్చు అన్నాడు గాని, బోరు నీళ్లతో తడిపిన మా పాత ప్రహరీ అడుగున పెచ్చులు రాలిన చోటు చూపించిన తర్వాత మళ్లీ మాట్లాడలేదు.

ఫిబ్రవరి 25

ఒక పాలు సిమెంటుకు ఒకటిన్నర ఇసుక, మూడు కంకర చొప్పున కాంక్రీటు పోశాము. ఒక్కో సిమెంటు బస్తాకు 25 లీటర్లకు మించి నీళ్లు పోయనివ్వలేదు. పలచగా ఉంటే తొందరగా జారుతుందని పనివాళ్లకు ఇష్టం. పని తేలికవుతుంది, బలం పోతుంది. ప్రతి దిమ్మెనూ నేల మీదికి 4 అంగుళాలు లేపి, పైభాగం నాలుగు వైపులా వాలుగా చేయించాను. ఇనుప గుంజ మొదట్లో నీళ్లు నిలవకుండా ఉండడానికి ఇంతకంటే సులువైన మార్గం లేదు. గోనె సంచులు చుట్టి పది రోజులపాటు పొద్దునా సాయంత్రమూ తడిపింది అమ్మే.

మార్చి 16

ఇనుప పని. గుంజలు, దూలపు పైపులు, వాటి మీద 16 అంగుళాలకు ఒకటి చొప్పున 50 మిల్లీమీటర్ల చదరపు పైపులు. 2 మిల్లీమీటర్ల మందం ఉన్న అలాంటి పైపు మీటరుకు 3 కిలోలు తూగుతుంది. దుకాణంలో తూకం వేయించి పుచ్చుకుంటే మందంలో మోసం జరగదు. చదరపు అడుగుకు 30 కిలోల భారం వస్తుందని లెక్క వేసుకున్నాము, పండుగకు ఇరవై మంది నిలబడినా ఆ లెక్క దాటదు.

వెల్డింగు చేసిన అన్నకు మూడు విషయాలు పదే పదే చెప్పవలసి వచ్చింది. పైపు కొసలన్నీ రేకు ముక్కతో మూసేయాలి, లేకపోతే వాన నీరు లోపల చేరి తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది, అది బయటికి కనపడేనాటికి పైపు జల్లెడ అయి ఉంటుంది. వెల్డింగు మీది పెంకు పూర్తిగా రాలగొట్టి, తీగ బ్రష్షుతో రుద్దిన తర్వాతే ప్రైమరు వేయాలి. గద్దెను ఇంటి గోడకు అతికించకూడదు, ఒక అంగుళం ఎడం ఉండాలి. మూడవదానికి ఆయన అభ్యంతరం చెప్పాడు. "గోడకు రెండు బోల్టులు గొడితే గట్టిగుంటది గదన్నా" అన్నాడు. ఆ మాటలో నిజముంది. కాని బోల్టు దిగిన చోటు నుంచే గోడలోకి చెమ్మ చేరుతుంది, ఆ సందులోనే ఆకులు ఇరుక్కుని కుళ్లుతాయి. ఊగకుండా ఉండడానికి గోడ వైపు గుంజలకు రెండు అడ్డ పట్టీలు వేయించాను.

ఏప్రిల్ 9

దూలాల కోతకు కోత మిల్లు ఆయన ఒప్పుకోలేదు. పాత కర్రలో మేకు ఉంటే రంపం పళ్లు పోతాయని ఆయన భయం, అది న్యాయమే. కళాశాల ప్రయోగశాల నుంచి తెచ్చిన బలమైన అయస్కాంతాన్ని దారానికి కట్టి, దూలం పొడవునా అంగుళం అంగుళం జరుపుతూ పోయాము. దారం పక్కకు లాగిన ప్రతిచోటా సుద్దతో గుర్తు పెట్టి, వడ్లాయన ఉలితో తవ్వి మేకు పీకాడు. రెండు రోజుల్లో 61 మేకులు. కొన్ని కొలిమిలో చేసిన నాటు మేకులు, తల చదరంగా, ఒంటి మీద సుత్తి దెబ్బల జాడలతో ఉన్నాయి. వాటిని పారేయలేక డబ్బాలో దాచాను.

పుచ్చిన కొసలు కోసేసి, మిగిలిన పది అడుగుల ముక్కల నుంచి ఒక్కో దూలానికి ఆరు చెక్కలు వచ్చాయి. చిత్రిక పట్టాక వెడల్పు ఐదున్నర అంగుళాలు, మందం అంగుళం. మొత్తం 245 చదరపు అడుగులకు పైగా అయింది. ఇంకో 50 అడుగులకు కొత్త టేకు డిపోలో బిల్లు రాయించుకుని కొన్నాను. అక్కడ వడ్లాయన పట్టుబట్టి ప్రతి చెక్కనూ తిప్పి చూశాడు. అంచున పాలిపోయినట్లున్న తెల్ల చెక్క ఉన్నదాన్నల్లా పక్కకు పెట్టేశాడు. టేకు అయినంత మాత్రాన చెద పట్టదనుకోవడం పొరపాటు. చెదను దూరం పెట్టే గుణం చేవలోనే, అంటే నడిమి ముదురు కర్రలోనే ఉంటుంది, దాని చుట్టూ ఉండే తెల్ల చెక్కకు ఉండదు.

మే 4

చెక్కలు పరచడం మొదలైంది. ఇనుముకూ టేకుకూ మధ్య రబ్బరు పట్టీ ఉండాలి, ఎందుకంటే తడి చేరినప్పుడు టేకులోని రసాలు ఇనుముతో కలిసి నల్లటి మరకలు పడతాయి, ఇనుము కూడా అక్కడే తుప్పు పడుతుంది. పంక్చరు షాపులో పాత లారీ ట్యూబులు కొని, రెండు అంగుళాల పట్టీలుగా కత్తిరించి పైపుల మీద అంటించాము. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి, ముందుగా రంధ్రం చేసిన తర్వాతే బిగించినవి.

రెండవ అంచెకు చెక్కకూ చెక్కకూ మధ్య 5 మిల్లీమీటర్ల సందు వదిలాము. మొదటి అంచె దగ్గర అమ్మ అడ్డుపడింది. వంటింటి ముందు కూర్చుని బియ్యం ఏరుకోవడం ఆమెకు అలవాటు. "గింజలన్నీ సందులల్ల వడ్తయి గదరా" అంది. ఆమె మాట కాదనలేక అక్కడ 2 మిల్లీమీటర్లే వదిలాను. వడ్లాయన ఏమీ అనలేదు, కాని తల అడ్డంగా ఊపాడు. ఆ తల ఊపును నేను పట్టించుకుని ఉండవలసింది.

చెక్కల వెడల్పులు మాత్రం ఇరవై చోట్ల కొలిచి రాసిపెట్టాను. సగటు 140.0 మిల్లీమీటర్లు.

మే 29

రోహిణి కార్తె. రోళ్లు పగులుతాయన్న సామెతను ఈ ఏడు కళ్లారా చూస్తున్నాము. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎండలో ఉన్న బండనూ, చెక్కనూ ఉష్ణోగ్రత తుపాకీతో కొలిచాను. రెండూ 60 డిగ్రీలకు దగ్గరగానే ఉన్నాయి. అయినా బండ మీద రెండు అడుగులు వేయలేము, చెక్క మీద చురుక్కుమంటున్నా దాటి వెళ్లగలము. చెక్క ఉష్ణోగ్రత తక్కువ కాదు, దాని వేడి అరికాలిలోకి వచ్చే వేగం తక్కువ. బండ తనలోని వేడిని క్షణంలో కాలికి అందిస్తుంది. మూడవ అంచె వేప నీడలో ఉండడం అదృష్టం. మొదటి అంచెకు తాటాకు పందిరి వేయించాను. పడమటి ఎండ నేరుగా పడకపోతే చెక్క ఆయుష్షు కూడా పెరుగుతుంది.

మూడవ అంచె గురించి క్లుప్తంగా. మొరం మూడు పొరలుగా తడిపి దిమ్మిస చేసి, దాని మీద ఒకటిన్నర అంగుళాల మందం ఉన్న తాండూరు బండలను పాలిషు లేని ముఖం పైకి పెట్టి పరిచాము. పక్క కాలువ వైపు 80 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఇచ్చాము. ఈ బండ సున్నపురాయి కనుక, దాని మీద నిమ్మరసం గాని ఆమ్లం గాని పడితే గరుకు మచ్చ ఏర్పడి పోదు. కడగడానికి ఆసిడ్ వాడవద్దని ఇంట్లో అందరికీ చెప్పాను.

పైపూత కోసం మార్చిలోనే మూడు నమూనా ముక్కలు ఎండలో ఉంచాను. వార్నిషు వేసిన ముక్క ఆరు వారాల్లో పగిలి పొరలుగా లేచింది. అవిసె నూనె రాసినది చూడడానికి బాగుంది గాని, తడి పెట్టి నీడలో ఉంచితే వారంలో నల్లటి బూజు చుక్కలు వచ్చాయి. ఏమీ పూయనిది బూడిద రంగుకు తిరిగింది, అంతే. ఏమీ పూయకుండానే వదిలేస్తున్నాను.

ఆగస్టు 17

మడులన్నీ నిండి ఉన్నాయి, వారం రోజులుగా ముసురు. పొద్దున వంటింటి తలుపు తీస్తే మొదటి అంచె మీద నీళ్లు చెరువులా నిలిచి ఉన్నాయి. 2 మిల్లీమీటర్ల సందులు పూర్తిగా మూసుకుపోయాయి. మధ్యలో మూడు చెక్కలు ఒకదాన్నొకటి నెట్టుకుని గూనిలా లేచాయి. వాటిలో రెండు కొత్త టేకువి. మిగిలిన సందుల్లో వేపపండ్ల గుజ్జు ఇరుక్కుని పులిసిన వాసన వస్తోంది. రెండవ అంచె మీద చుక్క నీరు లేదు.

మేలో గుర్తుపెట్టిన ఇరవై చోట్లనే మళ్లీ కొలిచాను. సగటు 141.8 మిల్లీమీటర్లు. ఒక్కో చెక్క 1.8 మిల్లీమీటర్లు ఉబ్బింది. కర్ర పొడవులో దాదాపు ఏమీ పెరగదు, వెడల్పులోనే పెరుగుతుంది. ఇరవై అయిదు సందుల్లో ఒక్కొక్కటీ 1.8 చొప్పున కోల్పోతే మిగిలేది వెంట్రుక మందం. దాన్ని పూడ్చడానికి చిటికెడు మట్టి చాలు. కొలిచే పరికరం చేతిలో ఉండి, కర్ర ఉబ్బుతుందని తరగతిలో చెప్పే మనిషినై ఉండి, ఈ లెక్క మేలో వేయకపోవడం నా తప్పు. అమ్మది కాదు.

సెప్టెంబరు 8

మొదటి అంచె చెక్కలన్నీ విప్పి తిరిగి బిగించాము. నాలుగు వందలకు పైగా స్క్రూలు, ఇనుములో అన్ని కొత్త రంధ్రాలు. ఐదు రోజులు పట్టింది. పాత రంధ్రాలను తుప్పు పట్టకుండా సీలెంటుతో మూసి ప్రైమరు వేశాము. ఇక్కడ ఒక విషయం ఎవరైనా గుర్తుపెట్టుకోవాలి. సందు ఎంత ఉండాలన్నది ఏ నెలలో బిగిస్తున్నామన్న దాన్ని బట్టి మారుతుంది. ఇప్పుడు చెక్క ఉబ్బి ఉంది కనుక 4 మిల్లీమీటర్లు వదిలాము, వచ్చే మేకు అది 6 దాకా విచ్చుకుంటుంది. అదే 4 మేలో వదిలి ఉంటే ఈపాటికి 2కు దిగేది. సందులు పెరిగినందువల్ల వరుస మొత్తం దాదాపు నాలుగు అంగుళాలు ముందుకు జరిగింది. చివరి చెక్క స్థానంలో రెండు అంగుళాలకు లోపు వెడల్పున్న పట్టీ పడింది. చూసేవాళ్లకు అది అంచు కోసం కావాలని పెట్టినట్లే ఉంది.

అమ్మ బియ్యం ఏరుకోవడానికి ఇప్పుడు చాప పరుచుకుంటున్నది.

అక్టోబరు 20

వానలు తగ్గాక మొదటిసారి టార్చిలైటు పట్టుకుని గద్దె కిందికి పాకి వెళ్లాను. నేల ఆరి ఉంది, గాలి ఆడుతోంది, రబ్బరు పట్టీల అంచుల్లో ఎక్కడా నల్ల మరక లేదు. మూడు చోట్ల వెల్డింగు పక్కన ప్రైమరు లేచి తుప్పు కనిపిస్తే, గీకి మళ్లీ పూశాను. బావికి దగ్గరగా ఉన్న గుంజ మీద చెదలు మట్టి దారి కట్టుకుంటూ ఏడు అంగుళాల దాకా ఎక్కాయి. బావి 15 అడుగుల దూరంలోనే ఉంది కాబట్టి మొదటి నుంచీ ఈ నేలలో చెద మందు పోయవద్దనే అనుకున్నాను, ఇప్పుడూ పోయలేదు. కర్ర గుంజ అయితే చెద లోపలి నుంచి వెళ్లిపోయేది, మనకు తెలిసేది కాదు. ఇనుప గుంజ మీద దానికి బయటి నుంచే దారి కట్టుకోవాలి, కట్టుకుంటే కనపడుతుంది. తాపీతో గీకేసి, ఆ గుంజ మొదట్లో పేరుకున్న వేపాకు ఊడ్చి, దిమ్మె చుట్టూ అడుగు వెడల్పున కంకర పరిచాను. నెలకొకసారి చూడాలని వంటింటి క్యాలెండరులో గుర్తు పెట్టాను. రెండవ అంచె మెట్ల పక్కన అమ్మ పట్టుకోవడానికి చేతిపట్టు ఒకటి వేయవలసి ఉంది. దానికి తాత మిద్దె దంతె ఒకటి, ఐదు అడుగులది, చిత్రిక పట్టించి ఉంచాను.